ఉంటది అన్న గొంతు

కోదాడ,
ఫిబ్రవరి 8, 2026

ప్రియమైన గ్రేస్‌కి,

ఇన్నేళ్లకు నా ఉత్తరం చూసి ఎవరో పోయారేమో అనుకోకు. అందరం బతికే ఉన్నాం. నేను ఇక్కడే జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తూ, బీపీ గోలీలు మింగుతూ ఉన్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ ఫోన్‌లో నేను మాట దాటేస్తాను, ఆ సంగతి నీకూ తెలుసు. కాగితం మీదైతే కొట్టేసినా కనపడుతుంది.

మన 'సున్నపురాయి' బ్యాండ్ ఆల్బమ్‌ని మళ్లీ వేస్తారట. పాత రాక్ ఆల్బమ్‌లు వెతికి వేసే కంపెనీ హైదరాబాద్‌లో ఒకటి ఉంది. ఇరవై ఏళ్లయిందని డీలక్స్ ఎడిషన్ అట. రెండు ఎల్పీ రికార్డులు, ఫొటోల పుస్తకం, డెమోలు, విడుదల కాని పాటలు. అప్పట్లో అమ్ముడుపోక మా మిల్లు గోదాంలో బియ్యం బస్తాల పక్కన పడేసిన సీడీలను ఇప్పుడు కుర్రాళ్లు నెట్‌లో వెతుక్కుంటున్నారట. నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక ఊరుకున్నాను.

డెమో టేపులన్నీ ఇమ్మన్నారు. గోదాంలో వెతికితే నీ టేపు దొరికింది. మిర్యాలగూడలో మీ చర్చి గదిలో చప్పట్లు కొడుతూ పాడి, బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపావే, ఆ 'దుమ్ము' పాట. "వాకిట్ల దుమ్ము ఉంటది, తుడిసినా గాని ఉంటది." అక్కడే బస్తా మీద కూర్చుని మొదటి నుంచి మళ్లీ విన్నాను.

గ్రేస్, స్టూడియో ఒక్కరోజే దొరికిందనీ, నిన్ను పిలిచే టైం లేక నేనే పాడేశాననీ అప్పుడు నీకు చెప్పాను కదా. అబద్ధం. మూడు రోజులు దొరికింది. అక్కడి సౌండ్ ఇంజినీర్ నీ టేపు విని, "గొంతు ముతక, భాష మోటు. ఉంటది ఏంటండీ? ఉంటుంది అని మీరే పాడేయండి" అన్నాడు. ఆంధ్ర సరిహద్దున కోదాడవాణ్ణి, మా ఇంట్లో 'ఉంటుంది' అనే అంటాం. సరే అన్నాను. తీరా పాడబోతే ఆ 'టుం' దగ్గర ఒక మాత్ర ఎక్కువై పాట తాళంలో కూర్చోలేదు. పాపం గోపి ప్రతిసారీ డ్రమ్ మీద కర్ర దించకుండా ఆపి పట్టుకోవాల్సి వచ్చింది. అలా ఆపడంలోనే మన స్టైల్ అంతా ఉందని కంపెనీవాళ్లు ఇప్పుడు ఒకటే మెచ్చుకోవడం! స్టైలూ లేదు, పాడూ లేదు. నీ మాట పీకేసిన చోట తాళం కుంటింది, అంతే. పైగా సీడీ మీద రచన, సంగీతం అని నా పేరు వేసుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఆల్బమ్‌లో మంచి పాట అదొక్కటే. అందుకే వేసుకున్నాను.

ఈ టేపు సంగతి వాళ్లకింకా తెలియదు. దాచేస్తే నా పేరు అలాగే ఉండిపోతుంది. వారం రోజులు దాచుదామనే చూశాను. నా వల్ల కాలేదు. నీ గొంతుతో, నీ పేరుతోనే వేయిస్తాను. నెలాఖరులోగా నీ సంతకం కావాలి. పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి పంపుతున్నాను, విను. తిట్టాలనిపిస్తే తిట్టు. ఇది మోసీ మోసీ అలసిపోయాను గ్రేస్.

నీ స్నేహితుడు,
విష్ణువర్ధన్


మిర్యాలగూడ,
ఫిబ్రవరి 16

విష్ణుకి,

నీ ఉత్తరం దవాఖానలో డ్యూటీ మధ్యలో చదివాను. మందుల ట్రే పక్కన పెట్టి రెండుసార్లు చదివాను.

ముతక, మోటు అన్న సంగతి నాకు అప్పుడే తెలుసు. గోపి చెప్పాడు. అందుకే ఇన్నేళ్లు నీతో మాట్లాడలేదు. నీ మీద కోపం పెట్టుకుంటే నా తప్పు నాకు గుర్తురాకుండా ఉండేది, నిజం చెప్పాలంటే అదీ సుఖంగానే ఉండేది.

ఆ గొంతు నాది కాదు. మా చెల్లె జ్యోత్స్నది. ఆ వారం నాకు నర్సింగ్ పరీక్షలు, పైగా జలుబుతో గొంతు పూర్తిగా పోయింది. అది పాడింది. పాట కూడా దానిదే. సెలవుల్లో వాడపల్లి మేనత్త ఇంట్లో సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఊడుస్తూ కట్టుకుంది. బ్యాండ్‌లో మీరంతా పాటలు రాస్తుంటే నాకొక్కదానికే రాకపాయె, నాదే అని చెప్పుకున్నాను. మా ఇద్దరి గొంతులకూ మా అమ్మే తికమక పడేది, నువ్వెట్ల కనిపెడతావు? నా దగ్గర నువ్వు దొంగిలించింది దొంగసొమ్మే.

"స్టూడియోవాళ్లు ఏమన్నరక్కా?" అని అది రోజూ అడిగేది. ఒకనాడు విసుగొచ్చి, గోపి చెప్పింది చెప్పినట్టు దాని ముఖాన అనేశాను. ఆనాటి నుంచి అది పాడలేదు విష్ణు. చర్చిలో కూడా పెదాలు కదుపుతుంది అంతే. ఇప్పుడు సూర్యాపేటలో అంగన్‌వాడీ టీచర్. పిల్లలకు పాటలన్నీ ఫోన్‌లో పెట్టి వినిపిస్తుంది.

నిన్న ఆదివారం దాని ఇంటికి పోయి పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది, పాట అయిపోయేదాకా ఇంకో కాయ ముట్టలేదు.

"తర్వాత నువ్వు మళ్ల పాడినవా అక్కా?" అన్నది.

"నేనెక్కడ పాడిన? గిది నీ గొంతేనే. ఆనాడు చర్చిల నువ్వు పాడిన టేపే."

"ఊకో అక్కా. నాది ముతక గొంతని నువ్వే చెప్తివి గద. గిదెంత మంచిగుంది! గిట్ల పాడొస్తే నేనెందుకు బంద్ చేస్త?"

ఎంత చెప్పినా నమ్మలేదు. "నా మనసు నొచ్చుకోవద్దని అంటున్నవ్" అని చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. నా మాట మీద పాడటం మానేసిన మనిషి, ఇప్పుడు మళ్లీ నా మాటే ఎట్ల నమ్ముతుంది?

సంతకం నేను పెట్టలేను. గోపిని వెంటబెట్టుకుని సూర్యాపేట రా. స్టూడియోలో ఎవరేమన్నారో, మీరేం చేశారో దాని ముందర కూర్చుని చెప్పండి. నేను కూడా నా సంగతి మీ ముందరే చెప్తాను. ఆ గొంతు తనదేనని అది నమ్మినాకే కాగితం ముందర పెట్టు. నమ్మకపోతే ఏ డీలక్సూ మనకొద్దు.

గ్రేస్