బ్రీడర్ పేరు

సూరత్, జూన్ 2020, ఆదివారం

మధ్యాహ్నం రాజేశం ఫోన్ చేశాడు. పోయిన నా భార్యకు తమ్ముడని ఎత్తాను, లేకపోతే పన్నెండేళ్లుగా మాకు మాటల్లేవు.

"బావా, గా ముసలి గుర్రాన్ని నువ్వే తోల్కపో. కరోనాకు రేసులు బందైనయ్, ఫారంల ఇంక పెట్టుకోరంట. అసలైతే అది నీదే గద!"

ఇప్పుడు నాదైంది! ఆ ఆడగుర్రానికి తగిన మగగుర్రం కోసం నాలుగు తరాల వంశావళులు చదివింది నేను. చూలుతో ఉండగా వాడికి అమ్మడం నా తప్పే. ఈనిన రోజున తల్లి ఎవరిదైతే, పిల్లకు బ్రీడర్‌గా, అంటే పుట్టించినవారిగా, వాళ్ల పేరే రాయాలని గుర్రప్పందేల నియమం. ఈనడానికి నెల ముందు అమ్మినందుకు నా పేరు పోయింది. ఆ పిల్ల పెరిగి పూణే రేసుల్లో కప్పు గెలిచినప్పుడు, ఒక్క పుస్తకం తెరవనివాడు ఫోటోలో నవ్వుతూ నిలబడ్డాడు.

"తోల్కపోత. ముందుగాల మన ఫ్యామిలీ గ్రూపుల రాయి, కప్పు కొట్టిన గుర్రాన్ని పుట్టించింది బావనే అని" అన్నాను.

"గిప్పుడు గదేంది బావా? పోరగాళ్లు నవ్వుతరు."

"నవ్వనీ."

సాయంత్రం రాశాడు. అందరూ చూశారు. ఇక్కడే గోడాదరాలో ఉండే నా మనవరాలు ఒక్కతే అడిగింది: "ఏ ఘోడా తాతా? మనకు ఘోడా ఉండెనా?"

ఇన్నేళ్లూ ఎవరి ముందు పరువు పోయిందని కుమిలిపోయానో, వాళ్లకు గుర్రం సంగతే తెలియదు.

ఇక్కడ ఖటోదరాలో నా సరుకు పెట్టే షెడ్డు ఈ కరోనాకు ఎలాగూ ఖాళీగా ఉంది. గుర్రం వచ్చాక మనవరాలిని పిలిచి చూపిస్తాను. రాజేశం కూడా చూడటానికి వస్తానంటే ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు.