బుగ్గల్లో గాలి

రాజాం,
18 నవంబరు 2025, మంగళవారం.

పూజ్యులైన నాన్నగారి పాదాలకు,

మీ పెద్ద కుమార్తె ఆశ్రిత నమస్కరించి తెలియజేసుకునే సంగతులు. ఇక్కడ అమ్మ, చెల్లి విశాలి, నేను క్షేమంగా ఉన్నాము. అక్కడ కోటబొమ్మాళిలో మీరు, నాన్నమ్మ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని మా తెలుగు మాస్టారు చెప్పారు. ఇంతవరకూ రాసేసరికే నా చెయ్యి బిగుసుకుపోయింది. నిన్ను నేను ఎప్పుడు 'మీరు' అన్నాను నాన్నా? ఇక్కణ్ణుంచి మామూలుగానే రాస్తాను.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. నాన్నమ్మకి చేస్తే ఒకసారి పెరట్లో ఉన్నావంటుంది, ఒకసారి పడుకున్నావంటుంది. నిన్న మాత్రం నిజం చెప్పేసింది. నువ్వు సన్నాయి సంచి దించిన చోటి నుంచి కదపలేదట. కార్తీకమాసంలో కోవెల వాళ్లు కబురంపినా వెళ్లలేదట. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరం మోగదు కాబట్టి నువ్వు కట్టెయ్యలేవు.

ముందు కాలేజీ కబుర్లు. బి.ఏ.లో తెలుగు తీసుకున్నందుకు మావయ్య ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. నాకు మాత్రం రోజూ పండగలా ఉంది. లైబ్రరీలో పెద్ద నిఘంటువు ఉంది. ఒక మాట వెతకడానికి వెళ్లి, దాని పక్క మాట, కింది మాట చదువుకుంటూ బస్సు తప్పిపోతున్నాను. విశాలికి ముందు పన్ను ఊడింది. పాలు తాగితే సగం గౌను మీదే.

ఇక ఆ శనివారం గురించి రాయాలి. అది రాయకుండా ఎన్ని కబుర్లు చెప్పినా ఈ ఉత్తరం దాని చుట్టూనే తిరుగుతుంది.

కోర్టు షరతు అంటే ఏమిటో ఎనిమిదేళ్ల పిల్లకి ఎలా చెప్పాలో తెలియక, నేను విశాలికి మొదటి నుంచీ ఒకటే చెబుతూ వచ్చాను. నెలకోసారి నాన్న శ్రీకాకుళంలో మందు మాన్పించే కేంద్రానికి వెళ్లి పరీక్ష ఇస్తాడు, తాగలేదని తేలితే రెండో శనివారం మధ్యాహ్నం కోర్టు పక్కనున్న పిల్లల గదికి వచ్చి నీతో ఆడుకుంటాడు అని. ఇన్నాళ్లూ నువ్వు ముందే వెళ్లి రక్తం, మూత్రం ఇచ్చి వచ్చేవాడివి. ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఈ నెల ఆ కేంద్రంలో కొత్త మిషను పెట్టారు. అదే రోజు పొద్దున్న గొట్టంలో ఊదితే చాలు అన్నారు. హమ్మయ్య, నాన్నకి సూదులు తప్పాయి అనుకున్నాను నేను.

మేమిద్దరం పిల్లల గదిలో కూర్చున్నాం. విశాలి ఊడిన పన్ను నీకు చూపించాలని దూదిలో చుట్టి తెచ్చుకుంది. గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా లేచి నిలబడేది. చివరికి కౌన్సిలర్ సుహాసిని మేడమ్ వచ్చి, ఈరోజు కలవడం కుదరదు అని నాకు నెమ్మదిగా చెప్పారు. నెమ్మదిగా చెప్పినా విశాలి వినేసింది.

"నాన ఫెయిలయ్యేడా?" అని అడిగింది.

దాని చేతిలోని పన్ను జారిపోకుండా దూదితో సహా నా పర్సులో పెట్టి, దాన్ని బస్సు దగ్గరికి తీసుకొచ్చాను.

నీ కాగితం మీద 'పరీక్షకు సహకరించలేదు' అని ఉంది. మూడుసార్లు ఊదినా మిషను ఏమీ చూపించకపోతే అలాగే రాస్తారట. అలా రాస్తే తాగినట్టే లెక్కట. వచ్చే నెల మొదట్లో మన వాయిదా ఉంది. ఆ కాగితం అలాగే జడ్జిగారి ముందుకు వెళితే, నువ్వు విశాలిని చూడటం ఆపేయమని అడగవచ్చునని అమ్మ లాయరుగారు చెప్పారు. ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టించడం కష్టమని కూడా చెప్పారు.

ఆ మిషను దగ్గర కూర్చునే తిరుమలరావుగారు చెప్పారు, నువ్వు ఒక్క మాట కూడా అనకుండా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయావని. "నేను తాగలేదు" అని కూడా అనలేదట. ఎందుకు అనలేదో నాకు తెలుసు అనుకుంటున్నాను. తాగి వచ్చిన రోజుల్లోనే నువ్వు ఆ మాట ఎక్కువగా అనేవాడివి. ఇప్పుడు అది నిజమయ్యేసరికి నీకే దాని మీద నమ్మకం లేకుండా పోయింది.

నౌపడ పెళ్లిని నేను మరచిపోలేదు నాన్నా. పెళ్లివారు మేళానికి తాంబూలంతో పాటు సీసా కూడా ఇచ్చారు. సరదాగా వెంట తీసుకెళ్లిన విశాలి విడిదింట్లో నిద్రపోతుంటే, దాన్ని అక్కడే వదిలి మేళం వ్యానులో ఇంటికి వచ్చేశావు. తెల్లారి వంటవాళ్లు చూసి ఫోన్ చేశారు. అమ్మ మమ్మల్ని తీసుకుని రాజాం వచ్చేసింది ఆ రోజే. అమ్మది తప్పని నేను అనను. నువ్వూ ఏనాడూ అనలేదు. ఆ తర్వాత నువ్వు మానేశావు. ఇప్పుడు పెళ్లివారు సీసా అందిస్తే చేతులు జోడించి పక్కన పెడుతున్నావని, డోలు ఆయన నిన్ను "ఏటి సామీ, మాల ఎప్పుడేసినావు?" అని ఏడిపిస్తున్నాడని నాన్నమ్మ నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు ఎంత బాగుందో.

అందుకే ఆ కాగితం నేను నమ్మలేదు. నమ్మకపోవడం వేరు, కారణం తెలియడం వేరు. ఆదివారం నాకు కారణం తట్టింది.

నువ్వు కోవెల్లో వాయిస్తుంటే పాట ఎక్కడా తెగదు. చిన్నప్పుడు నాకు అది పెద్ద మాయలా ఉండేది. నాన్న ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడు అని నీ ముఖంలోకే చూస్తూ కూర్చునేదాన్ని. రెండు బుగ్గల నిండా గాలి పట్టి, ఆ గాలిని సన్నాయిలోకి తోస్తూనే ముక్కుతో కొత్త ఊపిరి లాక్కుంటావు. ఒకసారి నీ బుగ్గ మీద వేలితో పొడిస్తే కల్యాణి రాగం కాస్తా కీచుమంది. తాతగారు నన్ను కోవెల బయట నిలబెట్టారు.

ఆ గొట్టం కూడా నీ నోటికి సన్నాయిలాగే తగిలి ఉంటుంది. ఊదమంటే బుగ్గలతోనే ఊది ఉంటావు. ఊదుతూ ఊదుతూ మధ్యలో ముక్కుతో ఊపిరి లాక్కుని ఉంటావు. ఎన్నో ఏళ్ల అలవాటు, ఎవరో ఒకరు "ఊదండి" అనగానే పోతుందా?

నిన్న సోమవారం కాలేజీ మానేసి శ్రీకాకుళం వెళ్లి తిరుమలరావుగారిని అడిగాను. ఆయన మంచివారే. మిషను చూపించింది రాశారు, అంతే. అది గుండెల లోపలి నుంచి ఒకే ధారగా వచ్చే ఊపిరిని కొలుస్తుందట. నోట్లో నిలవున్న గాలి దానికి పనికిరాదట. మొదటిసారి రాకపోతే ఆయన నిన్ను ఇంకా గట్టిగా ఊదమన్నారట. గట్టిగా అన్నకొద్దీ నీ బుగ్గలు కొబ్బరి బొండాల్లా పొంగాయట. ఈయన మిషనుతో ఆడుకుంటున్నాడని అనుకున్నానమ్మా అని చెప్పి, తర్వాత ఆయనే తల పట్టుకున్నారు. సన్నాయి వాయించే మనిషి ఆ మిషను దగ్గరికి రావడం అదే మొదటిసారట.

సుహాసిని మేడమ్ దగ్గరికి కూడా వెళ్లాం. వాయిదా లోపు మళ్లీ పరీక్ష చెయ్యవచ్చు అన్నారు. ఈ శనివారం పొద్దున్నకి ఏర్పాటు చేస్తారు. మిషనుతో పాటు రక్తం కూడా తీసుకుంటారు, ఎవరికీ అనుమానం ఉండకుండా. కానీ నువ్వు రావాలి. నీ బదులు ఎవరూ ఊదలేరు. నువ్వు రాకపోతే పాత కాగితమే మిగులుతుంది.

ఎలా ఊదాలో మేడమ్‌ని అడిగి తెలుసుకున్నాను. బుగ్గల్లోకి గాలి రానివ్వకూడదు. వేడి అన్నం ముద్దని చల్లార్చడానికి ఊదుతావు చూడు, విశాలికి తినిపించేటప్పుడు, అలా. అయితే మధ్యలో ఆపకుండా, కడుపులో గాలి అయిపోయేదాకా. అద్దం ముందు కూర్చుని రెండు చేతులతో బుగ్గలు నొక్కిపట్టి అలవాటు చేసుకో. నాన్నమ్మ చూసి భయపడకుండా ముందే చెప్పు.

ఈ సంగతి వినగానే విశాలి బుడగలు కొనిపించుకుని మొదలుపెట్టింది. బుగ్గలు పట్టుకుంటే ఊడిన పంటి సందులోంచి గాలి పోతోంది, బుడగ మాత్రం నిండటం లేదు. చివరికి దాన్ని నా చేతిలో పెట్టి, "నాన బుగ్గలు నాను పట్టుకుంతాను, మేడంని అడుగు" అంది. అడిగాను. మేడమ్ ఫోన్లోనే నవ్వి, రూలు ఒప్పుకోదమ్మా అన్నారు. కానీ పరీక్ష బాగా వస్తే ఆ మధ్యాహ్నమే పిల్లల గది తెరిపిస్తానన్నారు.

నాన్నా, ఇంకొక్క మాట. ఎలాగూ తాగినట్టే రాశారు కదా అని, ఈ నాలుగు రోజుల్లో నువ్వు నిజంగానే ఆ దుకాణం వైపు వెళతావేమోనని నాకు భయంగా ఉంది. మాటలంటే నాకు ప్రాణం అని చెప్పాను కదా. ఒక్క మాట మనిషిని ఎంత దూరం తోసెయ్యగలదో కూడా ఆ కాగితం చూశాకే తెలిసింది. ఆ మాట నీది కాదు. దాన్ని నిజం చెయ్యకు. కోవెల్లో ఎవరు ఏమనుకుంటారో అనిపిస్తే ఇంట్లోనే కూర్చుని సన్నాయి వాయించుకో. నాన్నమ్మ వింటుంది, చాలు.

శనివారం తెల్లవారే బస్సు ఎక్కు. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో మా బస్సు ఆగే చోటే నిలబడి ఉంటాను.

నీ రాకకోసం చూస్తూ,
నీ
ఆశ్రిత

తా.క.: పైన ఒకచోట అబద్ధం రాశాను. కారణం తట్టింది నాకు కాదు నాన్నా, అమ్మకి. ఆదివారం జాకెట్ కుడుతూ కుడుతూ మిషను ఆపేసింది. తనే బుగ్గలు పొంగించి చూసుకుని, "మీ నాన్న బుగ్గల్తో ఊదుంతాడే" అంది. నిన్న శ్రీకాకుళంలో తిరుమలరావుగారితోనూ మేడమ్‌తోనూ మాట్లాడింది కూడా అమ్మే. నేను పక్కన నిలబడ్డాను. లాయరుగారు ఫోన్లో అమ్మ మీద కోప్పడ్డారు, మన కేసు మనమే పోగొట్టుకుంటామా అని. అమ్మ ఏమందో అలాగే రాస్తున్నాను: "ఆయనతోటి కాపరానికి రానన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. గానీ తాగనోణ్ని తాగినాడని రాస్తే నా పిల్లకి నానేటి సెప్పాలి?"

ఇదంతా నీకు చెప్పవద్దంది. తిరుగు బస్సులో పొందూరు దాటాక, ఆయన వస్తాడా అని నన్ను అడిగింది. వస్తాడని చెప్పేశాను.