ఎదుటి వాలులో ఏడో దీపం

నవంబరు 9, సాయంత్రం 6.30

ఎదుటి వాలు మీద ఇళ్లు నలభై మూడు. ఇవాళ దీపం వెలిగినవి ఆరు. నిన్నా ఆరే.

ఉద్యోగం నుంచి దిగిపోయిన నాటి నుంచి, అంటే పదకొండేళ్లుగా, పొద్దు వాలగానే కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టడం అలవాటైంది. ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లల చేత లెక్కలు చేయించినదాన్ని, ఊరికే ఉండలేను. మొదట్లో ముప్ఫైకి తగ్గేవి కావు. ఇప్పుడు ఆ ఆరూ తప్ప అన్నీ పట్నం వాళ్లవి. ఏడాదికి పది రోజులు వస్తారు. మంచు కొండ ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. మీరు అదృష్టవంతులండీ అని నాతో అంటారు. వ్యూ ఉడకబెట్టుకుని తినలేం కదమ్మా అని ఒకావిడతో అన్నాను. నవ్వింది. నేను జోకు వేయలేదు.

టూరిస్టులకి గదులు ఇప్పించే బ్రోకరు మళ్లీ వచ్చాడు. నా గదిలోకి తొంగి చూసి, అమ్మగారూ, ఇది కిటికీ కాదు బంగారు గని అన్నాడు. ముందు బూట్ల బురద తుడుచుకోమన్నాను.

నవంబరు 12

ఏడు.

నవంబరు 13, సాయంత్రం 6.10

మళ్లీ ఏడు. ఏడోది నీలం గేటు ఇల్లు. పట్నంలో పళ్ల డాక్టరుది. పోయిన వేసవిలో తొమ్మిది రోజులు ఉండి వెళ్లాడు. తాళం మావాడి దగ్గరే ఉంది. అలా ఖాళీగా పడి ఉండే ఇళ్లు తొమ్మిదింటికి నా కొడుకే కాపలా. ఆ జీతం మీదే మా ఇల్లు నడుస్తోంది.

అడిగాను. దొంగల భయానికి టైమర్ బల్బు పెట్టానమ్మా అన్నాడు. నిన్న 5.50కి వెలిగింది. ఇవాళ 6.10కి.

నవంబరు 14

6.35కి వెలిగింది. టైమరుకి బద్ధకం ఉంటుందని నాకు తెలియదు.

నవంబరు 17, ఆదివారం

ఆదివారం రిజిస్టరు పని. తొమ్మిది ఇళ్ల మీటర్లూ మావాడు చూసొచ్చి చెబుతాడు, నేను రాస్తాను. వాడి రాత కోడి కెలికినట్టు ఉంటుంది కాబట్టి ఆరేళ్లుగా ఈ పని నాది. ఖాళీ ఇల్లు వారానికి మూడు నాలుగు యూనిట్లకి మించి తాగదు. నీలం గేటు ముప్ఫై ఒకటి తాగింది.

పెన్ను ఆపి వాడి మొహం చూశాను. వాడు గోడ మీద క్యాలెండరు చూశాడు. చలి కదమ్మా, పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా హీటరు వేశాను అన్నాడు. మిగతా ఎనిమిది ఇళ్ల పైపులకి చలి వేయదా అన్నాను. టీ చల్లారిపోతోందని కప్పు పట్టుకుని లేచిపోయాడు.

కప్పులో టీ లేదు.

నవంబరు 20

పాలు వారానికి ఏడు లీటర్లు వచ్చేవి. ఇప్పుడు పది. కోడల్ని అడిగితే, పిల్ల ఎదుగుతోంది కదత్తయ్యా అంది. వారంలో మూడు లీటర్లు ఎదగడానికి అది పిల్లా, ఏనుగా?

ఇంకో వింత. ఆ పిల్లకే, మా మనవరాలు పిచ్చుకకే, లెక్కల్లో నలభై ఒకటి నుంచి డెబ్బై ఎనిమిది వచ్చాయి. నా దగ్గర కూర్చోబెడితే పది నిమిషాలకి తోటకూర కాడలా వాలిపోతుంది. ఎవరు చెప్పారే అంటే, కొత్త టీచరు సాయంత్రాలు చెబుతోంది నానమ్మా అంది. అని నాలుక కరుచుకుంది. సాయంత్రాలు స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నానని కదా నాతో చెప్పింది.

ఆ టీచరుని చూద్దామని స్కూలుకి వెళ్లాను. పాతికేళ్లుంటాయి. తల తడి. భుజాన ఊరొదిలి పారిపోయేంత సంచి. నా ఎదురుగానే ఆవులించింది. హెడ్మాస్టరు నా పాత విద్యార్థే, పన్నెండో ఎక్కం దగ్గర మూడేళ్లు ఆగినవాడు. మూడేళ్లలో ఈమె ఐదో లెక్కల టీచరట. స్కూలు రిజిస్టర్లో చిరునామా గడి ఇంకా పూర్తి చేయలేదట. ఈ కాలం వాళ్లకి నిలకడ లేదు, నేను ఒక్క బడిలో ముప్ఫై ఎనిమిదేళ్లు ఉన్నాను అన్నాను. మీకు ఇల్లు దొరికింది కదా టీచర్ అని నవ్వాడు. అందులో నవ్వడానికి ఏముందో చెప్పలేదు.

చిరునామా చెప్పని మనిషిని నేను నమ్మను.

నవంబరు 24, ఆదివారం

మోకాలి మందు కోసం వెళ్లిన షాపు మూసి ఉండటంతో త్వరగా తిరిగొచ్చాను. నా గదిలో కోడలూ పిచ్చుకా టేపు పట్టుకుని నేల మీద వంగి ఉన్నారు.

కర్టెన్ కుట్టిద్దామనత్తయ్యా అంది కోడలు. కర్టెన్‌కి కిటికీ కొలుస్తారు. నేల కొలవరు. పిచ్చుక అరచేతిలో అంకెలు రాసుకుంది. చెయ్యి చూపించమంటే సబ్బుతో కడిగేసుకుంది. ఆ పిల్ల చెప్పకుండా చేతులు కడుక్కోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

నవంబరు 25, ఉదయం

అర్థమైంది.

పక్కింటి పెద్దావిడ కథే ఇక్కడా. ఆవిడ గది నుంచీ మంచు కొండ కనిపించేది. పోయిన ఏడాది కొడుకూ కోడలూ ఆవిణ్ణి వంటింటి వెనక సామాన్ల గదిలోకి మార్చారు. గాలి తగలదు, జలుబు చేయదు అన్నారట. ఆవిడ మంచం మీద ఇప్పుడు టూరిస్టులు పడుకుంటున్నారు. ఆవిడకి కనిపించే వ్యూ గ్యాస్ బండ. ఆ గ్యాస్ బండ మీద మంచు కురుస్తుందేమో చూస్తున్నానమ్మా అని నాతో అని పకపకా నవ్వింది. తర్వాత ముక్కు చీదింది. జలుబు మాత్రం చేసింది.

మావాడికి నీలం గేటు డబ్బు రుచి తగిలి ఉంటుంది. డాక్టరుకి తెలియకుండా ఎవరికో అద్దెకిచ్చాడు. దీపం, హీటరు, పాలు, అన్నీ దానికి సరిపోతున్నాయి. ఇప్పుడు కన్ను నా గది మీద పడింది. పరాయి ఇంట్లో దొంగతనం, సొంత తల్లి దగ్గర టేపు. వీణ్ణి నేనే కదా పెంచాను. ఎక్కడ తప్పానో తెలియడం లేదు.

ఇల్లు నా పేరు మీదే ఉంది. కాగితాలు పరుపు కింద నుంచి తీసి నా స్వెటర్ల మధ్యకి మార్చాను. బయటికెళ్తే గదికి తాళం వేస్తున్నాను. తాళం వేస్తే గదిలో దుమ్ము ఎవరు తుడవాలత్తయ్యా అని కోడలు. దుమ్ముని కూడా కలిపే తాళం వేశానన్నాను.

నవంబరు 30

శత్రువుని అడిగితేనే నిజం తెలుస్తుందని బ్రోకరుకి నేనే కబురు చేశాను. నా గదికి ఎంత వస్తుందన్నాను. వాడి కళ్లు చేటలంత అయ్యాయి. సీజన్లో రాత్రికి రెండు వేల అయిదు వందలు, కళ్లు మూసుకుని ఇస్తారమ్మగారూ అన్నాడు. కళ్లు మూసుకునేవాళ్లకి వ్యూ ఎందుకయ్యా అన్నాను.

అంటే నేను రోజూ రెండు వేల అయిదు వందలు నిద్రపోతున్నాను. ఇవాళ మధ్యాహ్నం కునుకు పట్టలేదు. కునుకు ఖరీదెంతో లెక్క కడుతూ కూర్చున్నాను.

డిసెంబరు 2, రాత్రి 8

ఇది వరసగా రాయాలి.

5.20కి కోడలు సంచిలో స్టీలు డబ్బా పెట్టుకుని, టైలరు దగ్గరికి వెళ్లొస్తానంది. టైలరు డబ్బా కుట్టడు. పది నిమిషాలాగి కర్ర తీసుకుని బయల్దేరాను. వంతెన దాటి, వాలు మీద నూట పన్నెండు మెట్లు. నా మోకాళ్లు ఒక్కొక్క మెట్టునీ గుర్తుపెట్టుకున్నాయి. కోడలు తిరిగి దిగుతూ నలభయ్యో మెట్టు దగ్గర ఎదురైంది. అత్తయ్యా అంది. నేను ఆగలేదు.

నీలం గేటు తోసి తలుపు కొట్టాను. తీసింది పిచ్చుక. దాని వెనక, లోపల నేల మీద కూర్చుని ఆ టీచరు.

పరాయి ఇంట్లో సుఖపడుతున్న మనిషిని పట్టుకుందామని వెళ్లాను. హాల్లో సోఫాలూ మంచాలూ తెల్ల దుప్పట్ల కిందే ఉన్నాయి, ఒక్కటీ తీయలేదు. వంటింటి నేల మీద చాప, దుప్పటి, చిన్న హీటరు. గుమ్మం పక్కన అదే సంచి, సర్ది సిద్ధంగా. పట్నం వాళ్లు లక్షలు పోసి పెట్టించుకున్న అద్దాల గోడకి, దీపం బయట పడకుండా అడ్డంగా కంబళి కట్టింది. కంబళి జారిన సందులోంచే నాకు ఏడో దీపం కనిపించిందన్నమాట. స్వెటరు మీద స్వెటరు, తలకి ఉన్ని టోపీ. ముందు నలభై నోటుబుక్కులు.

నన్ను చూసి క్లాసులో పిల్లలా లేచి నిలబడింది.

అడిగినవాటికి తడుముకోకుండా చెప్పింది. ఆగస్టులో ఉద్యోగంలో చేరింది. ఊళ్లో చవగ్గా దొరికే గది అద్దె ఇరవై ఆరు వేలు, కిటికీ కూడా లేదు. జీతం ముప్ఫై రెండు. రెండు వారాలు స్టాఫ్ రూములో బల్లల మీద పడుకుంది. అది చూసి మావాడు తాళం ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. ఇది మూడో ఇల్లు. మొదటి రెండూ గుట్ట వెనక ఉన్నాయి, అప్పుడు చలి లేదు, మీటరు పెరగలేదు. తెల్లారకముందే తలస్నానం చేసి, ఎవరూ లేవకముందే స్కూలుకి వెళ్లిపోతుందట. కొండ బాగుంటుందటండీ, నేనింకా సరిగ్గా చూడలేదు అంది.

నోటుబుక్కులు తిరగేశాను. జవాబు తప్పయినా పద్ధతికి మార్కు వేసింది. తప్పు ఏ మెట్టులో జరిగిందో అక్కడే సున్నా చుట్టింది. పదిహేను పుస్తకాలు చూశాను. ఒక్కచోట ఆమె కూడికలో తప్పు దొరికింది. చూపించాను. దిద్దుకుంది.

దిగేటప్పుడు పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది. వదిలించుకోలేదు. మెట్లు తడిగా ఉన్నాయి.

డిసెంబరు 3

కొడుకుని నిలదీశాను. డాక్టరుకి తెలిస్తే ఒక్క ఇల్లు కాదు, తొమ్మిదీ పోతాయని తెలుసా అన్నాను. తెలుసు అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

నీకు చెబితే రిజిస్టర్లో రాసేస్తావు కదమ్మా అన్నాడు.

రాసేదాన్నే.

ముందొచ్చిన నలుగురు టీచర్ల పెట్టెలూ వాడే బస్సు దాకా మోశాడట. ఐదో పెట్టె మోయలేననిపించిందట. పిచ్చుకకి ఈ ఏడాది పబ్లిక్ పరీక్షలు. పదిహేనో తారీఖుకి డాక్టరు వస్తున్నాడు, తొమ్మిది ఇళ్లూ సీజనుకి నిండిపోతాయి. టీచరు రాజీనామా రాసి సంచిలోనే పెట్టుకుందట.

మరి టేపు ఎందుకన్నాను. కోడలు గుమ్మంలోంచే చెప్పింది. మీ గదిలో రెండో మంచం పడుతుందేమోనని అత్తయ్యా, అడుగుదామని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది, మీ మొహం చూసి మింగేశాను. పడుతుందా అన్నాను. నాలుగంగుళాలు మిగులుతుందట.

నేను చేరినప్పుడు నా జీతం మూడు వందల నలభై. ఇంటి అద్దె ముప్ఫై నాలుగు. ఈ పిల్లకి వంద వస్తే అందులో ఎనభై ఒకటి అద్దెకే పోతుంది. ఈ ఊళ్లో ఒక్క వ్యూ గదిలో పదమూడు రాత్రులు పడుకుంటే ఆమె నెల జీతం అయిపోతుంది. నిలకడ లేదని అన్నాను. ఆ పేజీ మళ్లీ చదివాను. జవాబు తప్పు. పద్ధతి కూడా తప్పే.

డిసెంబరు 8, ఆదివారం

రిజిస్టరు. నీలం గేటు ముప్ఫై నాలుగు యూనిట్లు. ముప్ఫై నాలుగు అనే రాశాను. అంకె మార్చడం నా వల్ల కాదు. పక్కన కారణం గడి ఉంది. మావాడు నా పెన్నునే చూస్తున్నాడు. ఆ గడిలో ఏమీ రాయలేదు, ఆరేళ్లలో మొదటిసారి. ఖాళీ వదలడం అబద్ధం కాదు. నిజమూ కాదు. నా క్లాసులో అయితే సగం మార్కులు.

ఎక్కువైన యూనిట్ల డబ్బు నా పెన్షన్ నుంచి కవరులో పెట్టి, మీటరు తేడా అని రాసి రిజిస్టరులో ఉంచాను.

డిసెంబరు 14

మంచం పడింది. మిగిలింది నాలుగు కాదు, మూడున్నర అంగుళాలు. కోడలికి టేపు పట్టడం రాదు.

షరతులు: అద్దె జీతంలో పదో వంతు. తొమ్మిదికి దీపం ఆర్పాలి. ఆవులింతలు గది బయట. కిటికీ పక్క మంచం నాదే, అందులో మార్పు లేదు.

అన్నిటికీ తల ఊపింది. ఇంత తొందరగా ఒప్పుకునేవాళ్లని నేను అనుమానిస్తాను. స్కూలు రిజిస్టర్లో చిరునామా గడి పూర్తి చేసి చూపించమన్నాను.

డిసెంబరు 15

పళ్ల డాక్టరు వచ్చాడు. నేనే ఎదురుగా నిలబడి రిజిస్టరు ఇచ్చాను. ఖాళీ గడి గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలనే వెళ్లాను. చివరి పేజీ తిప్పి, చదవకుండా సంతకం పెట్టాడు. కవరు జేబులో వేసుకున్నాడు, ఎందుకని అడగలేదు. మీ కొండ గాలి అద్భుతమండీ అన్నాడు.

ఇంటికొచ్చి పాత పేజీలు చూశాను. ఆరేళ్ల సంతకాలూ ఒకేలా వంకరగా ఉన్నాయి. ఒక్కటి కూడా చదివి పెట్టినది కాదు.

డిసెంబరు 28

నలభై మూడూ వెలిగాయి. టీచరు నిద్రలో ఎక్కాలు చెబుతుంది. పదిహేడో ఎక్కంలో తప్పు చెబుతుందేమోనని వింటూ ఉన్నాను. చెప్పలేదు.

జనవరి 9, సాయంత్రం 6.15

అందరూ వెళ్లిపోయారు. ఆరు.

టీచరు నా భుజం మీంచి చూసి ఏడండీ అంది. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే. మనది వదిలేశారు అంది.

పదకొండేళ్ల లెక్క దిద్దాలి.