మా గోడ మీది పేరు

ఖిదిర్‌పూర్

బాబూ భానూ,

పిన్ని దీవెనలు. నువ్వు ఇక్కడ అందరూ దాదా అని పిలిచే మాజీ ఎమ్మెల్యే ఆఫీసులోనే ఉంటావు గనక ఈ మాట ఆయనకి బెంగాలీలో చెప్పు. ఆయన మొదటిసారి గెలిచినప్పుడూ, తర్వాత ఓడినప్పుడూ మా గోడ మీద ఆయన పేరు రాసింది మా యోగేశే. వాడు పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఇప్పుడు దాదా పార్టీ మారి మళ్ళీ నిలబడ్డాడు కదా. నిన్న ఆయన కుర్రాళ్ళు గోడంతా కొట్టేద్దామని సున్నం బకెట్టుతో వచ్చారు.

"పాత పార్టీ గుర్తు ఉంటే దాదాకి నామర్దా కాదేటి మాసీ?" అన్నారు.

నిజమే. గుర్తు మీద సున్నం కొట్టమను, నేను అడ్డు రాను. పేరు మాత్రం ఉంచమను. నాకు బెంగాలీ చదవడం రాదు, అయినా రోజూ ఆ అక్షరాలు తడిమి చూసుకుంటాను. పేరు ఆయనదే గాని, రాసిన చెయ్యి నా కొడుకుది బాబూ.

మీ పిన్ని
అప్పలలక్ష్మి