హీటరులో లోపం లేదు

డిసెంబరు 1, సోమవారం

బుజ్జీ,

మీ నాన్న కొలను సంగతి ఆదివారంలోగా తేల్చేస్తానన్నాడు కాబట్టి ఇవాళే రాస్తున్నాను. మన ఈతకొలను హీటరు కాసేపు నడిచి ఆగిపోతూ వచ్చింది. మెకానిక్ చూసి, "పాతదైపోయిందండీ, మార్చేయండి" అన్నాడు.

నేను హీటరుతో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను. నీళ్ళు ధారాళంగా పారకపోతే అది తనంతట తానే ఆగిపోతుందట. ఫిల్టరు బుట్ట తెరిస్తే నిండా కుళ్ళిన ఆకులు. ఆ బుట్ట కడగడం నీ పని. నువ్వు హాస్టలుకు వెళ్ళాక అదొక పనని ఎవరికీ తోచలేదు, నాకు కూడా. కడిగాను. హీటరు ఆగకుండా నడుస్తోంది.

ఆ మాట చెబితే మీ నాన్న, "నడిస్తే మాత్రం ఎవరికోసమమ్మా? పూడ్పించేస్తే పీడా పోతుంది" అన్నాడు. సాయంత్రాలు నేను కొలను పక్కన కుర్చీ వేసుకుని ఆ హీటరు చప్పుడు వింటున్నాను. ఇంట్లో వేరే చప్పుడు లేదు.

ఇక జరగవలసినవి:

1. హీటరు మార్చకూడదు, కొలను పూడ్చకూడదు. మీ నాన్నకు నువ్వే చెప్పాలి. నా మాట పెడచెవిన పెడుతున్నాడు.
2. బుట్ట ఇకనుంచి నేనే కడుగుతాను.
3. చెయ్యి పెడితే పైన నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. లోతున ఎలా ఉన్నాయో దిగి చూసి చెప్పే మనిషి కావాలి. నాకు ఈత రాదు. శనివారం పొద్దుటి బస్సుకు రా.

నాయనమ్మ