ఏ పని మొదలుపెట్టినా

జూన్ 9, సోమవారం

ఈ ఉదయం గుమ్మం దగ్గర తమ్ముడి బూట్లలో ఒకటి నిలబడి ఉంది, ఒకటి బోర్లా పడి ఉంది. పోలీసుల్లో చేరినప్పటి నుంచి వాడు బూట్లు జంటగా గోడకి ఆనించి పెడతాడు. నేను సరిచెయ్యబోతే అమ్మ వద్దని చెయ్యి ఊపింది.

నిన్న మార్కెట్ దగ్గర రెండు మతాల గుంపులు రాళ్ళు రువ్వుకున్నాయి. పోలీసులు కాల్చారు. ఒకరు పోయారు. షాపు షట్టర్ దించుకుంటున్న మనిషి. ఏ గుంపులోనూ లేడు. అవతలి మతం వాడు.

తమ్ముడు స్నానం చేసి వచ్చి, అక్కా, కాల్చింది నేనే అన్నాడు. టవల్ తాడు మీద ఆరేసి పడుకున్నాడు.

నేను పనికి వెళ్ళాను. వెళ్ళక ఏం చెయ్యాలి?

జూన్ 10

అన్నం ముందు కూర్చున్నాడు. కలిపాడు. లేచిపోయాడు.

జూన్ 11

వీడియో వచ్చింది. ఎవరో మేడ మీద నుంచి తీశారు. ఆర్డర్ ఇచ్చిన ఆఫీసర్ ఫ్రేమ్‌లో లేడు. తమ్ముడు ఉన్నాడు. తుపాకి ఎత్తాడు, దేవుడి పేరు పలికాడు, కాల్చాడు. పేరు స్పష్టంగా వినిపిస్తోంది.

అది నాయనమ్మ నేర్పిన అలవాటు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఆ పేరు పైకి అనాలి. స్టవ్ వెలిగించినా, సూదిలో దారం ఎక్కించినా, పరీక్ష పేపర్ విప్పినా. మరిచిపోతే మొట్టికాయ పడేది. నాకు కాన్వెంట్‌లో సిస్టర్లు మాన్పించారు. పైకి అనకు, మనసులో అనుకో చాలు అన్నారు. ప్రభుత్వ బడిలో చదివిన తమ్ముడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆర్డర్ వచ్చింది, పేరు అన్నాను, కాల్చాను అన్నాడు తమ్ముడు.

ఫోన్లో సగం మందికి వాడు దేవుడు పంపిన వీరుడు. సగం మందికి హంతకుడు. సాయంత్రానికి సస్పెండ్ చేశారు.

జూన్ 13, మధ్యాహ్నం, సార్ గదిలో

సార్ రిటైరైన పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్. పాశ్చాత్య ఆలోచనలో మతం, హింస, రాజకీయం గురించి పుస్తకం రాస్తున్నారు. ఆయన నడుస్తూ చెబుతారు, నేను టైప్ చేస్తాను.

ఇవాళ చెప్పింది: యూరప్‌లో దేవుడి పేరు మీద తరాల తరబడి నరుక్కున్నాక ఆలోచనాపరులకి ఒక ఉపాయం తోచింది. కత్తిని మతగురువు దగ్గర్నుంచి లాక్కుని రాజుకి ఇచ్చారు. దేవుణ్ణి ఎవరి గుండెలో వాళ్ళు దాచుకోమన్నారు. అప్పటి నుంచి దేవుడి కోసం చంపితే ఉన్మాదం, రాజ్యం కోసం చంపితే డ్యూటీ. చచ్చినవాడికి మాత్రం ఈ తేడా ఎవరూ వివరించలేకపోయారు అని సార్ తనే నవ్వుకున్నారు.

తర్వాత, మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ దొరికిందమ్మా అన్నారు. యూనిఫాం గుండీల మధ్య నుంచి దేవుడు తొంగి చూసిన కానిస్టేబుల్. పేరా మొత్తం చెప్పారు. ఒక్క కామా పోకుండా టైప్ చేశాను.

ఎలా ఉందన్నారు. బాగుంది సార్ అన్నాను. మీ కాన్వెంట్ వాళ్ళు ఫీజుతో పాటు నాలుక కూడా కట్టించుకున్నారా అన్నారు.

జూన్ 15

కార్పొరేటర్ పూలగుత్తి పట్టుకుని మందితో సహా వచ్చాడు. తల్లీ, ట్రిగ్గర్ మీద వేలు మీవాడిదే కానీ ఆ వేలు పట్టుకున్నది పైవాడు అన్నాడు. మరి జీతం ఆపింది కిందివాళ్ళే కదా బాబూ, వాళ్ళతో ఒక ముక్క మాట్లాడండి అంది అమ్మ. ఎవరో కిసుక్కుమన్నారు.

వాళ్ళు వెళ్ళేదాకా తమ్ముడు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఉన్నాడు. బకెట్ నిండి నీళ్ళు వంటగదిలోకి వచ్చాయి.

జూన్ 17, సాయంత్రం

రేపు విచారణ. ఇన్‌స్పెక్టర్ మఫ్టీలో వచ్చి నేర్పి వెళ్ళాడు. ఆ పేరు అన్నది నువ్వు కాదు, వెనక గుంపులో ఎవడో అరిచాడని చెప్పు, మిగతాది మేం చూసుకుంటాం అని. చెప్పరా నాయనా, నీ సొమ్మేం పోయింది అని అమ్మ బతిమాలింది.

వాడు నా వైపు తిరిగాడు. అక్కా, అంత పుస్తకం టైప్ చేస్తున్నావు కదా, నేను ఎవరి కోసం కాల్చినట్టు, దేవుడి కోసమా, గవర్నమెంట్ కోసమా అని అడిగాడు. వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

పేజీలకు పేజీలు గుర్తొచ్చాయి. తినరా, చల్లారిపోతోంది అన్నాను.

జూన్ 18

విచారణలో, ఆ పేరు నేనే అన్నానని తమ్ముడు చెప్పేశాడట. ఎప్పుడూ అంటాను, వ్యాన్ స్టార్ట్ చేసినా అంటాను అన్నాడట. ఎదురుగా మీ మతం వాడున్నా అనేవాడివా అని అడిగారట. అనేవాణ్ణే అన్నాడట. ఎవరూ నమ్మలేదు. ఆర్డర్ మాట ఎత్తితే, నేను ఇవ్వలేదు, అత్యుత్సాహంతో కాల్చాడు అన్నాడట ఆఫీసర్.

ఉద్యోగం తీసేశారు. హత్య కేసు పెట్టారు. పొద్దుటిదాకా అది డిపార్ట్‌మెంట్ తూటా. మధ్యాహ్నం నుంచి మతం తూటా.

జూన్ 20

ఇవాళ నోరు తెరిచాను. సార్, ఆ కానిస్టేబుల్ మా తమ్ముడు అన్నాను. ఆయన నడక ఆగింది. నాకు మంచినీళ్ళు ఇచ్చారు. అయ్యో తల్లీ అన్నారు. తర్వాత, చాలా మెల్లగా, అతను నాకు ఇంటర్వ్యూ ఇస్తాడా అని అడిగారు.

ఇంటికొచ్చేసరికి కార్పొరేటర్ పంపిన లాయర్ ఉన్నాడు. ముందస్తు బెయిల్ తెచ్చాడు. ఆదివారం సభలో నాలుగు మాటలు మాట్లాడితే చాలట. తమ్ముడు సరేనన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేస్తాడట. ఆర్డర్ మీద కాల్చాను, ఆ మనిషి ఏ తప్పూ చెయ్యలేదు, నన్ను పొగడకండి. ఇంతే. నా ముందు చేతులు కట్టుకుని నిలబడి ప్రాక్టీస్ చేశాడు. తడబడకుండా చెప్పాడు.

జూన్ 22

నేను వెనక వరసలో నిలబడ్డాను. మైక్ ఇచ్చారు. వాడు గొంతు సవరించుకున్నాడు. మాట్లాడబోయే ముందు, అలవాటు కొద్దీ, ఆ పేరు అన్నాడు.

మైదానం అంతా లేచింది. అదే పేరు, కొన్ని వేల గొంతులు. వాడు చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. అది చూసి ఇంకా అరిచారు. వాడి పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏ వాక్యం దగ్గరున్నాడో నాకు తెలుస్తోంది. చివరి వాక్యం అయ్యేసరికి కార్పొరేటర్ మైక్ తీసుకుని వాడి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు.

నా ముందు ప్రాక్టీస్ చేసినప్పుడు కూడా ఆ పేరుతోనే మొదలుపెట్టి ఉంటాడు. నాకు వినబడలేదు. చిన్నప్పటి నుంచి వింటున్న చెవులు.

జూన్ 23

వీధి నిండా వాడి పోస్టర్లు. వాడు నిద్రపోతున్నాడు.

చనిపోయినతనిది కళ్ళజోళ్ళ షాపు. నేను పెట్టుకున్నది అతను చేసిందే. ముక్కు మీద జారుతోందంటే, కిందటి నెల మళ్ళీ బిగించి ఇచ్చాడు.