పదిమంది లిస్టులో నా పేరు

1993 జూన్ 2, బుధవారం

నార్వే! నిజంగానే! ఈయన గుమ్మంలోంచే అరిచారు — "విజయా, లిస్టులో నీ పేరు ఎక్కించాను!" పాట షూటింగు ఆరు రోజులు. ఈయన కెమెరా సర్దేశాక స్వీడన్‌కి రైల్లో, నాలుగు రోజులు, మేమిద్దరమే. పెళ్లయిన మూడోరోజే ఔట్‌డోర్‌కి వెళ్లిపోయిన మనిషి. ఊటీ అన్నారు, కాశ్మీర్ అన్నారు, ప్రతిసారీ ఏదో ఒక హీరో డేట్లు. పదకొండేళ్లు. ఈసారి నమ్మొచ్చా?

జూన్ 3

స్వెట్టర్లు ఎండలో వేశాను. పక్కింటావిడ నవ్వింది — జూన్‌లో ఇదేం చోద్యమండీ అని. నవ్వనీ.

జూన్ 4, శుక్రవారం

తెలిసింది. యూనిట్‌లో పదిమందే వెళ్లేది. నా పేరు పక్కన రాసింది — హెయిర్ డ్రెస్సర్.

"మరి యాదమ్మ?"

"ఈసారికి ఆగుతుందిలే. ఊరికే పేరుకేగా, పాటలో జుట్టు విరబోసుకునే ఉంటుంది హీరోయిన్."

ఎంత తేలిగ్గా అనేశారు! ఏడేళ్లుగా ఆ హీరోయిన్ తల దువ్వుతోంది యాదమ్మే. మొన్ననే ఎర్రగడ్డలో ఫొటో దిగి మరీ పాస్‌పోర్టు చేయించుకుంది. యూసుఫ్‌గూడలో వాళ్ల వాడంతా చెప్పుకుంది. నాకూ చూపించింది ఆ ఫొటో. బావున్నావే అన్నాను.

ఇవాళ ఈయనతో మాట్లాడలేదు. అయినా స్వెట్టర్లు మాత్రం మడతపెట్టి లోపల పెట్టుకున్నాను. సిగ్గులేదు నాకు.

జూన్ 6, ఆదివారం

జూబ్లీహిల్స్‌లో సినిమా కంపెనీ ఆఫీసు నుంచి మేనేజర్ సత్యం గారు వచ్చారు. యూనియన్ వాళ్లు గొడవ చేయకుండా యాదమ్మ దగ్గర ఉత్తరం కావాలట — ఒంట్లో బాగోలేక రాలేకపోతున్నాను అని. "మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందమ్మా, మీరే రాసి సంతకం పెట్టించేయండి. మీ మాటంటే దానికి గురి."

రాశాను. నా చేత్తో నేనే. ఒక్క కొట్టివేత కూడా లేకుండా.

జూన్ 7

యాదమ్మను పిలిపించాను. వంటింట్లో కింద కూర్చుంది. చదివి వినిపించాను.

"నాకేమైందమ్మా? పానం మంచిగనే ఉంది గద."

నేను గిన్నెలు సర్దుతున్నాను, సర్దడానికేం లేకపోయినా.

"నా జాగల ఎవరు పోతున్నరు?"

చెప్పాను.

కాగితం తన ముందుకు లాక్కుంది. తిట్టినా బావుండేది. సంతకం ఒక్కటే వచ్చు ఆమెకు, ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టింది. లేచి వెళ్లబోయి మళ్లీ వెనక్కొచ్చింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నా జుట్టు విప్పింది.

"ఆ పిల్లకు ఎడమ దిక్కు పల్చన. గాలి కొడితె సవరం ఊడొస్తది. గీడ రెండు క్లిప్పులు ఎక్కువ పెట్టుండ్రి. ఎవ్వరికి చెప్పకుండ్రి, పిల్ల సిన్నబోతది."

ఆ చేతులు ఎంత మెత్తగా ఉన్నాయో. మొహం ఆమెకు కనబడకుండా గోడవైపు తిరిగి ఏడ్చాను.

జూన్ 8, మంగళవారం

పొద్దున్నే గేటు దగ్గర సత్యం గారు. "ఉత్తరం అయిందామ్మా?"

"ఇంకా సంతకం పెట్టలేదండీ."

ఎలా వచ్చేసిందో నోట్లోంచి. వీసాల కోసం లిస్టు ఢిల్లీకి పోవాలి, రెండింటికి వస్తాను, ఈలోపు ఎలాగైనా అని చెప్పి వెళ్లారు.

వెనక ఈయన, నోట్లో బ్రష్షు. "పెట్టింది కదా. రాత్రి నేను చూశాను."

"పెట్టింది."

"ఈ ఏడాది కాకపోతే మళ్లీ ఎప్పుడో నేను చెప్పలేను విజయా. పదకొండేళ్లు."

"లెక్క నాకు తెలీదా?"

"అయితే ఇచ్చెయ్. ఇవ్వకపోతే... వాళ్లకి నేనేం చెప్పాలో అదైనా చెప్పు."

టిఫిన్ తినలేదు. షూటింగుకి వెళ్లిపోయారు.

ఒంటిగంటన్నర. ఉత్తరం చించేద్దామని రెండుసార్లు తీశాను. ఆ సంతకం చూస్తే చెయ్యి రాలేదు. ఇచ్చేద్దామనీ తీశాను...

నాకు వెళ్లాలని ఉంది. ఇక్కడ అబద్ధం ఎందుకు — చచ్చేంత వెళ్లాలని ఉంది. అర్ధరాత్రి కూడా సూర్యుడుంటాడట అక్కడ. ఈయన పక్కన నిలబడి ఒక్కసారి చూడాలని ఉంది.

రెండింటికి ఇంకా పది నిమిషాలుంది. స్కూటరు చప్పుడు. సత్యం గారు ముందే వచ్చేశారు, ఉత్తరం ఇంకా నా చేతిలోనే—